రెండు పొయ్యిల ఇల్లు

పోయిన వారం మనం లెక్కలావిడను వాళ్ళ అక్క గుమ్మంలో, ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతుండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆవిడ ఒంటికాలి మీదే నిలబడి ఉంది. ఇక లోపలికి పంపిద్దాం.

కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. నగరం అంచున ఒక మురుగుకాలువ, కాలువ పక్కన ఒక గట్టు. గట్టుకు ఇవతల నగరం. అవతల ఉన్న నేల ఏ ఊరికీ చెందదు. దానికి పేరు పెట్టే బాధ్యత కూడా ఎవరికీ లేదు కాబట్టి అందరూ గట్టవతల అంటారు. అక్కడ వీధులున్నాయి, ఇళ్ళున్నాయి, చిన్నా చితకా కార్ఖానాలున్నాయి. పన్ను కట్టమని అడిగేవాడు లేడు, చెత్త ఎత్తేవాడూ లేడు. ఆ నేలను నగరంలో కలుపుకోవాలా వద్దా అన్నది వచ్చే శుక్రవారం పాలక మండలి తేల్చాలి. కలుపుకుంటే నగరానికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని లెక్క కట్టి నివేదిక ఇచ్చింది మన లెక్కలావిడే. నగర కార్యాలయంలో ఆర్థిక విభాగానికి పెద్ద దిక్కు ఆవిడ. మొదటి రెండేళ్ళు నగరానికి చేతి చమురు వదులుతుంది, మూడో ఏడు నుంచి కాస్తోకూస్తో మిగులుతుంది అని తేల్చింది. ఆ ముక్క చదివాక కమిషనరు హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు.

గట్టవతలే లెక్కలావిడ అక్క కాపురం. రెండేళ్ళ కిందట బావగారి పరుపుల కార్ఖానా అంటుకున్నప్పుడు నగరం నుంచి మంటలార్పే బండి వచ్చింది, వచ్చి గట్టు మీద ఆగింది. అవతలికి దిగాలంటే పై అధికారి అనుమతి కావాలట. అనుమతి దొరికేసరికి దూదంతా బూడిదైపోయింది. కుట్టుమిషను బయటికి లాగబోయి బావ రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆనాటి నుంచి అక్క ఇంటింటికీ తిరిగి, మమ్మల్ని నగరంలో కలపండి అని జనం చేత సంతకాలు పెట్టించింది. గట్టవతల ఒక ఫైర్ స్టేషను, అదీ మొదటి ఏడాదే. నివేదికలో ఆ వాక్యం రాసేటప్పుడు లెక్కలావిడకు చెయ్యి కాస్త తేలికైన మాట నిజం. ఆ సంగతి అక్క చెవిన వెయ్యడానికే ఆదివారం పొద్దున్నే బయల్దేరి వచ్చింది.

"రా చిట్టీ, రా. అటు కాదు, ఆ గదిలో కాలు పెట్టే సందు లేదు" అంది అక్క.

నిజమే. ముందు గదిలో పరుపులు పైకప్పును మోస్తున్నాయా అన్నట్టు పేర్చి ఉన్నాయి. కార్ఖానా రేకులు మారుస్తున్నారని సరుకంతా ఇంట్లోకి చేర్చారు. ఎన్నో ఏళ్ళుగా లెక్కలావిడ ఈ ఇంటికి వస్తోంది గానీ, ఆ గది దాటి లోపలికి పోయింది లేదు. కూర్చో కూర్చో అంటూ అక్క టీ అక్కడికే తెచ్చిపెట్టేది. లోపలంతా చిందరవందరగా ఉంది, చూడకు అనేది. ఈసారి పరుపులు ఆ పప్పులు ఉడకనివ్వలేదు.

మధ్య గదిలో అక్క అత్తగారు కింద చాప మీద కూర్చుని దిండు గలేబుల్లో దూది కూరుతోంది. బాగా పెద్దావిడ. కంటిచూపు తగ్గింది గానీ చేతివేళ్ళు ఇంకా కుర్రతనం మీదే ఉన్నాయి. "ఎవరూ, చిన్నమ్మాయా?" అని పలకరించి మళ్ళీ పనిలో పడిపోయింది.

వంటింట్లోకి అడుగుపెట్టగానే లెక్కలావిడకు ఏదో తేడాగా అనిపించింది. గది ఉండాల్సినంత పొడుగు లేదు. ఎదురుగా ఉన్న కిటికీ సగమే ఉంది. ఒక ఇటుక గోడ వచ్చి దాన్ని సరిగ్గా నడిమికి కోసుకుంటూ పైకి పోయింది. కిటికీ రెండో సగం గోడకు అవతల ఎక్కడో ఉండి ఉంటుంది.

ఇదేంటని అడిగేలోపే అక్క టీ గిన్నె కుళాయి కింద పెట్టింది. నీళ్ళు పిల్లి తోకంత సన్నగా వచ్చాయి. అక్క గరిటె తీసుకుని గోడ మీద టకటకా కొట్టి, పైకప్పు వైపు చూస్తూ అంది:

"అవతల కుళాయి కాసేపు కట్టమని ఎవరైనా చెప్తే బావుండు!"

గోడ అవతలి నుంచి జవాబు తక్షణమే వచ్చింది. "పొద్దుట్నుంచి డ్రమ్ములు నింపుకున్నవాళ్ళు ఇప్పుడు కాసేపు ఆగితే బావుండు!"

"ఎవరే అది?" అంది లెక్కలావిడ.

"ఇంకెవరు? మా తోడికోడలు."

"అటు పక్క కూడా వంటిల్లేనా?"

అక్క ఇక దాచి లాభం లేదనుకుందో ఏమో, గరిటె పక్కన పడేసి చెప్పేసింది. విడి వంటలు పెట్టుకుని నాలుగేళ్ళయింది. మిక్సీ ఎవరు పాడుచేశారు అన్న దగ్గర మొదలైంది, ఎక్కడ తేలిందో తనకే తెలీదు. అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ కార్ఖానాలో ఒకే సిగరెట్టు చెరిసగం కాల్చుకుంటారు. తమ్ముడు ఇప్పుడు కూడా అన్న సరుకే వేసుకుని పొరుగూరు పోయాడు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం గోడతో మాట్లాడుకుంటారు.

"అమ్మకు చెప్పకు చిట్టీ. పెద్దమ్మాయి అందరినీ కలుపుకుపోతుందని ఊరంతా చెప్పుకుంటుంది పాపం. తలెత్తుకోలేను."

"చెప్పన్లే. నాక్కూడా చెప్పకుండా దాచావు చూడు, దానికి నిన్ను తర్వాత తిడతాను. అది సరే, ఒకే ఇంటికి రెండు కుళాయిలా?"

"పొయ్యి విడిపోయాక కుళాయి విడిపోదా? నీళ్ళ సంఘం రూలే అది. పొయ్యికొక కుళాయి."

గట్టవతలకు నగరం నీళ్ళు రావు కదా. అక్కడివాళ్ళే డబ్బులు పోగేసుకుని బోరు వేయించుకుని, ట్యాంకు కట్టుకుని, ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరు విడిగా వండుకుంటే వాళ్ళకు విడిగా కుళాయి. అదీ వండే మనిషి పేరు మీద. ఒక్క కుళాయి పెట్టి ఇద్దరిని పట్టుకోమంటే బిందెల దగ్గర జుట్లు పట్టుకుంటారని సంఘం పెద్దలకు అనుభవం మీద తెలిసింది. పొయ్యికొక కుళాయి అన్నాక గొడవలు సగానికి సగం తగ్గాయి. చాలా తెలివైన ఏర్పాటు. ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

కానీ అక్క కాచి ఇచ్చిన టీ కప్పు లెక్కలావిడ చేతిలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

"అక్కా, మీ వీధిలో ఇలా ఒకే ఇంట్లో రెండు కుళాయిలున్నవాళ్ళు ఇంకా ఉన్నారా?"

"లేనివాళ్ళను చెప్పమను, తొందరగా అయిపోతుంది" అంది అక్క నవ్వుతూ.

లెక్కలావిడ నవ్వలేదు. కప్పు పొయ్యి గట్టు మీద పెట్టేసి, ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తాను అని పెరటి తలుపు తీసుకుని వెనక సందులోకి పోయింది.

సందులో ఇళ్ళ వెనక గోడలు వరసగా ఉన్నాయి. అద్దె మనిషి ఎవరో గడప మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. లెక్కలావిడ గోడల వంక చూసుకుంటూ నడిచింది. ఒక గోడకు రెండు పైపులు పాకాయి. దాని పక్క గోడకు మూడు. ఆ పక్క ఇంటికి ఒక్కటే ఉందని ఊపిరి పీల్చుకునేలోపు, వెనకగా వేసిన రేకుల వసారాలోకి ఇంకోటి దూరడం కనబడింది. సందు చివరిదాకా పోయి వెనక్కి తిరిగింది.

జరిగిందేమిటంటే, గట్టవతల ఇళ్ళకు నంబర్లు లేవు. పైనుంచి తీసిన ఫొటోల్లో చూస్తే రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏది ఎక్కడ ముగుస్తుందో పైవాడికి కూడా తెలిసేట్టు లేదు. ఇళ్ళెన్నో తేల్చడం ఎలాగా అని ఆఫీసులో అందరూ తలలు పట్టుకున్నారు. ఎవరో నీళ్ళ సంఘం మాట ఎత్తారు. వాళ్ళ దగ్గర కుళాయిల సంఖ్య పక్కాగా ఉంటుంది కదా అన్నారు. భేష్ అనుకున్నారు అందరూ. నగరంలో ఇంటికి ఒకటే కుళాయి. రెండోది పెట్టించుకుంటే జరిమానా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ రూలు కిందే బతికినవాళ్ళు గనుక, కుళాయి ఉందంటే ఇల్లు ఉన్నట్టే అన్న మాట మీద అనుమానపడాలని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. లెక్కలావిడకూ తోచలేదు. గట్టు అవతల సొంత అక్క ఉండి కూడా, అందరితో పాటు తనూ చక్కగా పప్పులో కాలేసింది.

నివేదికలో నాలుగు వేల ఇళ్ళని రాసి ఉంది. రెండున్నర వేలుంటే గొప్ప.

తిరిగి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. చెల్లెలి మొహం చూసి అక్క నవ్వు మానేసింది.

"ఏమైందే? పాలిపోయావు?"

"తప్పు పడిందక్కా. నా లెక్క తప్పింది."

అక్క చదువు పదో తరగతితో ఆగింది గానీ కార్ఖానా కొనుగోళ్ళూ అమ్మకాలూ ఆవిడే చూసుకుంటుంది. కాబట్టి లెక్కలావిడ దాపరికం లేకుండా విడమరచి చెప్పింది. నగరానికి వచ్చే ఇంటిపన్ను ఇళ్ళను బట్టి వస్తుంది. పెట్టే ఖర్చు మాత్రం వీధుల పొడుగును బట్టి పెరుగుతుంది. పైపులు వెయ్యాలి, దీపాలు పెట్టాలి, మురుగు కాలువలు తవ్వాలి, చెత్తబండి తిప్పాలి, ఫైర్ స్టేషనులో మనుషులకు జీతాలివ్వాలి. ఇళ్ళు తగ్గాయి కదా అని వీధి పొట్టిదైపోదు. రాబడిలో మూడో వంతుకు పైగా ఎగిరిపోయింది, ఖర్చు ఎక్కడిదక్కడే ఉంది. మూడో ఏడు కాదు, పదమూడో ఏడు వచ్చినా నగరానికి మిగిలేదేమీ లేదు. ఏటా ఎదురు పెట్టుకోవాల్సిందే.

అక్క అంతా విని స్టవ్ కట్టేసింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"నిన్నే కదే అడుగుతున్నది. నువ్వు నోరు మూసుకుంటే శుక్రవారం పని అయిపోతుందా లేదా?"

"అయిపోతుంది. తర్వాత ఏడాది పన్నులు వసూలు చెయ్యడానికి వస్తారు కదా, అప్పుడు బయటపడుతుంది. డబ్బు చాలదు. చాలకపోతే ముందు దేన్ని కోస్తారో తెలుసా? కొత్తగా చేరినవాళ్ళకు ఇస్తామన్న దాన్ని. ఫైర్ స్టేషను తీసి పక్కన పెడతారు. మీరు పన్నూ కడతారు, బండీ రాదు. నేనే చూశాను, ఇదే ఆఫీసులో, ఉత్తరం పక్క కాలనీలకు అదే చేశారు."

"రాకపోతే వెళ్ళి వాళ్ళ గొంతు మీద కూర్చుంటాం!" అక్క గొంతు ఒక్కసారిగా లేచింది. "ఓటుంటుంది మాకు. అడిగే హక్కుంటుంది. ఇప్పుడేముంది? ఆవేళ ఆ బండి గట్టు మీద నిలబడి ఉంటే, డ్రైవరు కాళ్ళు పట్టుకున్నాను నేను. తెలుసా నీకు? అమ్మా, నాదేం లేదమ్మా, మీరు మా ఊరు కాదు అన్నాడు. తిట్టడానికి కూడా మాకు ఎవరూ లేరే! పోట్లాడుదామంటే అటు పక్కన మనిషి ఉండాలి కదా!"

నివేదికలో రాబడి అనే శీర్షిక ఉంది, ఖర్చు అనే శీర్షిక ఉంది. పోట్లాడుకోవడానికి ఒకరు ఉండటం అన్నది ఈ రెంటిలో దేని కిందకు వస్తుందో లెక్కలావిడ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ ఆలోచించలేదు. అక్క మీద జాలేసింది, తన మీద తనకు ఒళ్ళు మండింది.

"రేపు కమిషనరుకు చెప్పేస్తానక్కా" అంది మెల్లగా.

"చెప్పు. చెప్పి ఆయన దగ్గర శభాష్ అనిపించుకో. నీకు ఆ ఆఫీసే పుట్టిల్లు, నేను పరాయిదాన్ని."

"అలా అంటే నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యొద్దు. టీ తాగి పో."

సరిగ్గా ఆ సమయానికి మధ్య గదికి అటువైపున్న తలుపు గడియ తీసిన చప్పుడైంది. ఆ తలుపు తెరుచుకోవడం అక్క అత్తగారి కోసమే. పొద్దుటి పూట ఆవిడది ఇటు వంటింటి తిండి, సాయంత్రం అటు వంటింటిది. కోడళ్ళిద్దరూ ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకుంటూ ఆ గది గుమ్మం దాకానే కంచం తెచ్చి ఇచ్చి వెనక్కి పోతారు. ఇవాళ చిన్నకోడలు ఆ గది దాటి, అత్తగారి దూదిని దాటుకుని, నేరుగా వచ్చి అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది.

"ఆ గోడకు ఒక వరసే ఇటుక. మీరు మాట్లాడుకున్నదంతా విన్నాను. దొంగతనంగా వినలేదు, కూరలు తరుక్కుంటుంటే వినబడింది" అంది లెక్కలావిడతో. అక్క వైపు చూడలేదు. "నాదొక ధర్మసందేహం. మావి రెండిళ్ళని మేమే ఒప్పేసుకుంటే మీకొచ్చిన నష్టమేంటండీ?"

"అంటే?"

"కుళాయికి నేను విడిగా కడుతున్నానుగా. ఇంటిపన్ను కూడా విడిగా కడతాను. నాకు వేరే పొయ్యి ఉంది, వేరే గుమ్మం ఉంది, వెనక సందులోంచి రాకపోకలు. ఏం తక్కువైందని ఇల్లు కాదంటారు?"

ఇంటిపన్ను నిబంధనల్లో అలాంటిది ఒకటి ఉంది. నగరంలో పాత మేడలను వాటాలుగా చేసి అద్దెలకిచ్చేవాళ్ళ కోసం ఎప్పుడో పెట్టారు. ఒకే కప్పు కింద ఉన్నా సరే, వేరు పొయ్యి, వేరు గుమ్మం ఉండి, అందులో వండుకునేవాళ్ళూ ఇంటి యజమానీ ఒప్పుకుని రాసిస్తే, ఏ వాటాకా వాటాను వేరే ఇల్లుగా లెక్క కట్టవచ్చు. మామూలుగా ఎవరూ రాసివ్వరు. కోరి కోరి రెండు పన్నులు ఎవరు కడతారు?

"నిజమే" అంది లెక్కలావిడ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "రాసిస్తే అవుతుంది. అబద్ధం కూడా కాదు. కానీ మీ ఒక్క ఇల్లు రాసిస్తే సరిపోదు. గట్టవతల విడి పొయ్యిలున్నవాళ్ళలో ముప్పాతిక మందైనా రాసివ్వాలి. అదీ శుక్రవారంలోపు."

అక్క అప్పటిదాకా స్టవ్ వైపు తిరిగి ఉంది. ఇప్పుడు మెల్లగా ఇటు తిరిగింది.

"ప్రతి పొయ్యికీ ఒక పన్నా?"

"ఒక పన్ను. చిన్నదే. కానీ ఏటా కట్టాలి."

"ఫైర్ స్టేషను?"

"లెక్క నిలబడితే అదీ నిలబడుతుంది. తప్పు జరిగిందని కమిషనరుకు ఎలాగూ చెప్పాలి. చెప్పేటప్పుడు నా చేతిలో ఇవి కూడా ఉంటే, ఆయన కూడా కాదనలేడు."

అక్క లోపల ఏదో కూడికలు తీసివేతలు జరిగిపోయాయి. ఏ వీధికి ముందు వెళ్ళాలి, ఎవరు అడగ్గానే పెడతారు, ఎవరిని బతిమాలాలి. ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషి కదా. ఆ తర్వాత, నాలుగేళ్ళలో మొదటిసారి, తోడికోడలి మొహంలోకి సూటిగా చూసింది.

"బజారు వైపు వీధులు నీకు బాగా తెలుసు."

"తెలుసు."

"మరి అటు నువ్వు పోతావా?"

"పోతానక్కా" అంది తోడికోడలు. గోడ లేకుండా మాట్లాడేసరికి ఇద్దరికీ గొంతు ఎంత పెంచాలో, ఎంత దించాలో తెలియలేదు. మేం విడిపోయాం అని రాసివ్వడానికి ఆ ఇద్దరూ ఇంత చక్కగా కలిసిపోయారు. మీరు ముక్కున వేలేసుకుంటున్నారని నాకు తెలుసు. లోకంలో ఇంతకంటే వింతలు జరుగుతాయి.

లెక్కలావిడ సంచిలోంచి తెల్లకాగితం తీసి అక్కడే పొయ్యి గట్టు మీద పెట్టి, రాయాల్సిన నాలుగు వాక్యాలూ రాసింది. ఒక నమూనా ఉంటే మిగతావాళ్ళ చేత అదే రాయించవచ్చు. అక్క చదివి సంతకం పెట్టింది. తోడికోడలు పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని పెట్టింది.

బావ వచ్చింది అప్పుడే. రేకుల పని చూసుకుని, ఒళ్ళంతా తుప్పు మరకలతో వచ్చాడు. వంటింట్లో మరదలు, భార్య, తమ్ముడి భార్య ఒకేచోట ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటిది? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

చెప్పారు. ముగ్గురూ ఒకేసారి చెప్పడం వల్ల కాస్త ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక ఆయన మొహం చిన్నబోయింది. కాలిన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. గోడంటే ఆ గోడే.

"కుదరదు" అన్నాడు.

"ఏమండీ, మీ కోసమే కదా ఇదంతా" అంది అక్క.

"నాకు తెలుసు. అయినా కుదరదు. ఈ గోడ కట్టించింది నేనే. మీ గొడవ పడలేక కట్టించాను. ఎప్పటికైనా పడగొట్టొచ్చులే అనుకుని మేస్త్రీకి సిమెంటు తక్కువ వెయ్యమని చెప్పి మరీ కట్టించాను. ఒక గునపం పోటుకు పడిపోతుంది ఇది." ఆయన లెక్కలావిడ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు రాసిన గోడ ఎవరు పడగొడతారమ్మా? వాడొక ఇల్లు, నేనొక ఇల్లు అని ప్రభుత్వానికి రాసిచ్చాక, రేపు వాడు కొడుకు పెళ్ళికి నన్ను చుట్టంలా పిలుస్తాడు. మంటల్లోంచి నన్ను బయటికి లాగింది వాడు. నేను పెట్టను."

"మీ సంతకం అక్కర్లేదు బావా" అంది లెక్కలావిడ. "వండుకునేవాళ్ళ సంతకాలు అయ్యాయి. ఇంకొకటి ఇంటి యజమానిది చాలు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

మధ్య గదిలో దూది కూరుతున్న చప్పుడు ఆగింది.

"నా పేరు మీద" అంది అత్తగారు.

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. చీరకు, తలకు దూది పీచులు అంటుకుని ఉన్నాయి. వంటింటి గుమ్మం దాకా వచ్చి, బావను ఆగమని చేత్తో సైగ చేసింది. ఆ ఇంట్లో ఆవిడ మాట ఎవరూ తీసెయ్యరు. కాకపోతే, ఆవిడ ఇంటి విషయాల్లో నోరు విప్పి చాలా కాలమైంది.

"నేను పెట్టకపోతే వీళ్ళిద్దరి సంతకాలూ చెల్లవు, అంతేనా చిన్నమ్మాయ్?"

"అంతే అత్తయ్యగారూ. చెల్లవు."

"పెడతాను."

"అమ్మా!" అన్నాడు బావ.

"నువ్వుండరా. విడిపోయి నాలుగేళ్ళయింది, నువ్వొక్కడివే ఇంకా ఒప్పుకోలేదు. పెడతాను గానీ, చిన్నమ్మాయ్, అందులో ఎన్నిళ్ళని రాశావు?"

"రెండండీ."

"మూడు అని రాయి."

కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో వాటా ఎక్కడుందని లెక్కలావిడ అడగబోయింది.

"ఆ మధ్య గది నాది. దానికో పొయ్యి పెట్టించండి. వెనక్కి గుమ్మం నేనే తీయించుకుంటాను, దిండ్ల కూలి దాచుకున్నది ఉంది. దాని పన్ను నేను కట్టుకుంటాను" అంది పెద్దావిడ. కోపంగా అనలేదు. ఎప్పుడో అనుకుని పెట్టుకున్న మాట చెప్పినట్టే చెప్పింది.

"నీకిప్పుడు విడిగా వండుకోవాల్సిన ఖర్మేంటమ్మా? నీకేం తక్కువ చేశాం?" అన్నాడు బావ.

"ఏం తక్కువ చెయ్యలేదు నాయనా. ఇద్దరూ బంగారాలే. పొద్దున ఇటు గుమ్మంలో కూర్చుంటాను, సాయంత్రం అటు గుమ్మంలో కూర్చుంటాను. కంచం ఎప్పుడొస్తుందా అని చూస్తాను. మధ్యాహ్నం ఎవరి వంతో ఎవరికీ తెలీదు. ఆకలేస్తే ఎవరిని అడగాలో నాకూ తెలీదు."

అక్క మొహంలో రక్తం లేదు. తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం పూట అటు తినే ఉంటుందిలే అని ఒకరూ, ఇటు తినే ఉంటుందిలే అని ఒకరూ నాలుగేళ్ళుగా అనుకుంటూ వచ్చారని ఆ ఇద్దరి మొహాలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"రాయమ్మా" అంది పెద్దావిడ, చెయ్యి చాపి. "మూడు అని రాసి ఇటివ్వు. వేలిముద్ర కాదు, నాకు సంతకం వచ్చు."

లెక్కలావిడ కలం పట్టుకుంది. రెండు అన్న అంకె కొట్టేసి మూడు వెయ్యడం ఎంతసేపు? కానీ గట్టవతల రెండు పొయ్యిలున్న ప్రతి ఇంట్లోనూ మధ్య గదిలో ఎవరున్నారో తన నివేదికలో ఎక్కడా లేదు. చెయ్యి కాగితం మీదికి వెళ్ళి ఆగింది.

బావ ఆనుకున్న గోడను వదిలాడు. రెండడుగుల్లో వచ్చి, ముడుతలు పడ్డ ఆ కాలిన వేళ్ళతో లెక్కలావిడ ముందున్న కాగితాన్ని లాక్కున్నాడు.